బద్లీ నెత్తురు

పోయిన నెల మా పక్కింటావిడకు తోడుగా ఆసుపత్రికి వెళ్లాను. ఏదో మామూలు పరీక్షల్లో ఆమె నెత్తురులో ఉండకూడని ప్రోటీన్ ఒకటి కనబడింది. కుర్ర డాక్టరు కంప్యూటర్ తెర మా వైపు తిప్పి, "ఇది మైలోమా అనే జబ్బుకు తొలిదశ. ఇప్పటికైతే నిద్రపోతోంది. రెండు మూడు నెత్తురు పరీక్షలు కలిపి చూస్తే ఇది లేస్తుందా, లేస్తే ఎంత తొందరగా లేవొచ్చు అన్నది ఒక అంచనాగా చెప్పగలం" అన్నాడు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ధైర్యం చెప్పాల్సిన నేను, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, ఆ సమయంలో ఆమె గురించి ఆలోచించనే లేదు. బొంబాయి కామాటిపురలో, వరస గదుల పాత మేడ అయిన మా చాల్‌లో ఉండే మేస్త్రి కాక గుర్తొచ్చాడు. ఆ ఒక్క అంచనా కోసం ఆయన ఏళ్ల తరబడి నా లాబ్ గుమ్మం దగ్గర కూర్చున్నాడు. అప్పట్లో అది ఎవరి దగ్గరా లేదు.

ఆయనకు పేరు లేకపోలేదు. రేషన్ కార్డు మీదా ఆసుపత్రి చీటీ మీదా ఉండేది. గల్లీకి మాత్రం ఆయన మేస్త్రి, నాకు కాక. పాత చాల్‌లకు మరమ్మతులు చేయించడం ఆయన పని. పుచ్చిన దూలాలు మార్పించేవాడు, ఒరిగిన గోడలకు ఊతం పెట్టించేవాడు. ఎవరింటికి వెళ్లినా ముందు కప్పు చూసేవాడు, తర్వాత గోడలు, ఆఖరుకు మనుషులు. నడివేలి కణుపుతో గోడను రెండుసార్లు కొట్టి చెవి ఆనించేవాడు. పెళ్లిళ్లలో కూడా ఇదే వరస. "పిల్లగాన్ని చూసి రమ్మని తోలిస్తే మండపం గుంజలు చూసొచ్చిండు మా ఆయన" అని చిన్నమ్మ, అంటే ఆయన భార్య, గల్లీ అంతా వినేటట్టు చెప్పేది.

ఆయన గోడకు ఆనుకొని కూర్చోవడం నేను ఏనాడూ చూడలేదు. ఎంత అలిసి వచ్చినా గదుల ముందుండే గ్యాలరీ మధ్యలో పీట వేసుకొని నిటారుగా కూర్చునేవాడు. ఆనుకో కాకా అంటే, "గోడ ఉన్నది కప్పును మోయనీకి బిడ్డా, మనల్ని మోయనీకి కాదు" అనేవాడు. మేం పిల్లలం గోడకు వీపు ఆనిస్తే చాలు, దూరం నుంచే కేకేసేవాడు. పది బై పన్నెండు అడుగుల ఖోలీలో, ఆ ఒక్క గదిలో, ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. గోడకు ఆనుకోక గాలికి ఆనుకుంటామా! ఆ మాటే నేనొకసారి ఎదురంటే పకపకా నవ్వాడు. "మా తాతలు పాలమూరు నుంచి తట్ట నెత్తిన పెట్టుకొని వచ్చి ఈ బొంబాయి కట్టిన్రు. మనకు మిగిలింది గాలే" అన్నాడు.

మా మాళాలో, అంటే మా అంతస్తులో, ఆసుపత్రి కొలువుకు పోయిన మొదటి ఆడపిల్లను నేను. నెత్తురు పరీక్షలు చేసే లాబ్‌లో పని. పొద్దున్నే తెల్లకోటు మడిచి చేతి మీద వేసుకొని మెట్లు దిగేదాన్ని. అది మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, కానీ పెట్టుకుంటే ఎవరికి కనబడుతుంది? ఆ గర్వం కాకకు తెలుసు. "ఏం డాక్టరమ్మా, ఇయ్యాల ఎంతమంది నెత్తురు తాగుతవు?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఏదో ఒకరోజు ఈయన నెత్తురు నా బల్ల మీదికి రాకపోతుందా, అప్పుడు చెబుతా అనుకునేదాన్ని. అలాంటివి అనుకోకూడదని తర్వాత తెలిసింది.

చిన్నమ్మ పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన కూలీలకు వండి పెట్టేది. పప్పు, అన్నం, జొన్నరొట్టె. ఇరవై మంది తినేవాళ్లు, ఇరవై మందినీ తిట్టేది, ఒక్కడు కూడా మానలేదు. కాకకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు. కాక తమ్ముడు వాళ్లతోనే ఉండేవాడు. అదే ఎత్తు, అవే మీసాలు, అదే నడక. వెనక నుంచి చూసి నేను తమ్ముణ్ణి కాకా అని పిలిచిన రోజులున్నాయి. చిన్నమ్మకు టీ అంటే ప్రాణం. స్టీలు గ్లాసు నిండా, రోజుకు ఏడెనిమిది సార్లు. టీ పడనిదే ఆమె కోపం దిగేది కాదు.

కాక పనిలో ఒక పద్ధతి ఉండేది. పొద్దున కూలీలు చేరే కూడలిలో, నాకా మీద, పనివాళ్ల హాజరు పిలుస్తారు. దాన్ని హాజ్రీ అంటారు. ఎవరికైనా జ్వరం వస్తేనో ఊరికి పోవాల్సి వస్తేనో, ఆ ఇంటినుంచే అన్నో తమ్ముడో బావమరిదో వచ్చి వాళ్ల పేరుకు "హాజిర్" అని పలికి తట్ట అందుకుంటాడు. అలా వచ్చినవాణ్ణి బద్లీ అంటారు. పేరు ఒకరిది, చెయ్యి ఒకరిది. పని ఆగదు, పుస్తకంలో పేరు కొట్టేయరు. అందులో మోసమేమీ లేదు, అందరికీ తెలిసే జరుగుతుంది. "నా టోలీల ఇయ్యాల్టిదాకా ఒక్కని పేరు కటాయించలే" అని కాక గొప్పగా చెప్పుకునేవాడు. మనిషి రాకపోయినా పేరు నిలబడాలి. ఆయనకు అది ధర్మం లాంటిది.

ఎనభైల మొదట్లో, ఒక వానాకాలం, కాక పాదంలో మేకు దిగింది. పుండు ఎంతకూ మానలేదు. నేనే బలవంతంగా మా ఆసుపత్రికి తీసుకుపోయాను. నెత్తురును సన్నటి గాజు గొట్టంలో గంటసేపు నిలబెట్టి, ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో చూసే పరీక్ష ఒకటుంది. కాకవి రాయి వేసినట్టు దిగిపోయాయి. మా పెద్ద డాక్టరమ్మ కనుబొమ్మలు ముడిచి, ఇంకో పరీక్ష రాసింది. అది నా బల్ల మీది పని. నెత్తురులోంచి తేటను వేరుచేసి, ఒక పట్టీ మీద చుక్క పెట్టి, కరెంటు పారిస్తే, అందులోని ప్రోటీన్లు వాటి వాటి వేగాన్ని బట్టి విడివిడిగా పరిగెడతాయి. తర్వాత పట్టీకి రంగు వేస్తే తెలుస్తుంది. అందరికీ ఒక చివర అలుక్కుపోయినట్టు మసకగా ఉంటుంది. కాక పట్టీలో ఆ మసకలో ఒక గీత, సన్నగా, గోటితో గీసినట్టు. ఒకే రకం ప్రోటీన్ అక్కర లేకుండా పుడుతోందని దాని అర్థం. తుంటి ఎముక నుంచి మూలుగ తీసి చూశారు. ఎక్స్‌రేలు తీశారు.

డాక్టరమ్మ మరాఠీ మనిషి. ఏదీ దాచేది కాదు. కాకనూ చిన్నమ్మనూ ఎదురుగా కూర్చోబెట్టి హిందీలో చెప్పింది. ఇది మూలుగలో పుట్టే కేన్సర్, కానీ పడుకొని ఉంది. ఎముకలు బాగున్నాయి, కిడ్నీలు బాగున్నాయి, ఒంట్లో నెత్తురు తగ్గలేదు. పడుకున్న దానికి మందేస్తే మందే కీడు చేస్తుంది. మూడు నెలలకోసారి వచ్చి నెత్తురివ్వాలి. గీత పెరుగుతోందా అట్లాగే ఉందా చూస్తాం.

"ఎప్పుడు లేస్తది?" అని అడిగాడు కాక.

"చెప్పలేను. వచ్చే ఏడే లేవొచ్చు. పదేళ్లు లేవకపోవచ్చు."

చిన్నమ్మ నా వైపు తిరిగి తెలుగులో అంది. "చెప్పరానిదానికి ఈమె డాక్టరెందుకయింది?"

కాక మాత్రం తల ఆడించాడు. నిజం చెప్పాలంటే, ఆయన మొహంలో నాకు భయం కంటే ముందు ఒక పనివాడి కుతూహలం కనబడింది. తన హిందీలో డాక్టరమ్మకు ఆయనే పాఠం చెప్పాడు. గోడకు పగులు కనబడగానే కూలగొట్టరు. కొన్ని పగుళ్లు చచ్చినవి, ముప్పై ఏళ్లయినా వెంట్రుకవాసి కదలవు. కొన్ని బతికినవి. ఏది ఏదో కంటితో చూస్తే తెలీదు. పగులుకు అడ్డంగా చిన్న గాజు ముక్క పెట్టి, రెండు వైపులా సిమెంటుతో అతికించి, పక్కన తారీకు రాసి వదిలేయాలి. కొన్ని నెలలకు వచ్చి చూడాలి. గాజు అట్లాగే ఉంటే గోడ ఉన్నచోటే ఉన్నట్టు. గాజు పగిలితే గోడ నడుస్తున్నట్టు. డాక్టరమ్మకు ఎంత ముచ్చటేసిందంటే, ఆ తర్వాత విద్యార్థులకు ఈ జబ్బు గురించి చెప్పేటప్పుడు ఆ గాజు ముక్క సంగతే చెప్పేది.

అట్లా మొదలైంది. ఒకరోజు కింద కిటికీ దగ్గర నెత్తురిస్తాడు. మర్నాడు నాలుగింటికి పైకి వచ్చి మా లాబ్ బయట బల్ల మీద కూర్చుంటాడు. ఉతికిన తెల్లచొక్కా, దువ్విన తల. పక్కన చిన్నమ్మ. కూలీల రాత్రి వంట ఎవరికో అప్పగించి వచ్చేది. నేను తలుపు తీయగానే కాక నా మొహం చూసేవాడు.

"ఏం బిడ్డా, పగిలిందా?"

"లే కాకా. గట్లనే ఉన్నది."

ఇద్దరూ లేచేవాళ్లు. దారిలో ఫాక్‌లాండ్ రోడ్డు దాకా ఆమె ఆయన్ను తిడుతూనే నడిచేది, అదీ ఇదీ ఏమీ లేకుండా, కేవలం ఊపిరి తిరిగొచ్చినందుకు. ఆ మొదటి పరీక్ష నాడే ఆమె ఒక మొక్కు మొక్కింది. ఆ గీత పోయేదాకా టీ ముట్టనని ఎల్లమ్మకు మాటిచ్చింది. గీత పోయేది కాదు చిన్నమ్మా, పెరగకుంటే చాలు అని నేను ఎంత చెప్పినా వినలేదు. "నీ మిషిన్‌కు ఎరుకనా, ఎల్లమ్మకు ఎరుకనా?" అంది. నేను వద్దంటూనే ఉన్నాను, నెల మీద నెల గడిచింది. టీ లేక తలనొప్పితో నుదురుకు గుడ్డ కట్టుకొని రొట్టెలు చేసేది. కాక ఆమె ముందు తను కూడా టీ తాగడం మానేశాడు. బయట తాగేవాడని నాకు తెలుసు.

మూడు పరీక్షలు ఒకేలా వచ్చాయి. నాలుగోసారి చిన్నమ్మ ఊళ్లో లేదు. అన్న కూతురి పెళ్లికని పాలమూరు పోయింది. చీటీ మీది తేదీకి నెత్తురు వచ్చింది. నేను మామూలుగా పట్టీ మీద పెట్టి, రంగు వేసి, కడిగి, కిటికీ వెలుగులో ఎత్తి చూశాను. గీత లేదు. అందరికీ ఉన్నట్టే మసక. ఇంకోసారి చేశాను. లేదు. పరిగెత్తుకొని డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె పట్టీ చూసి, "ఇలా పోదే. మళ్లీ నెత్తురు తీయించు, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు" అంది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు నాలుగింటికి కాక రాలేదు, స్లాబు పనిలో ఉన్నాడేమో అనుకున్నాను. సాయంత్రం ఇంటికి చేరేసరికి చిన్నమ్మ పొద్దుటి బండికే ఊరినుంచి దిగి, పొయ్యి ముందు కూర్చొని ఉంది. మెట్ల మీది నుంచే అరిచాను. "చిన్నమ్మా, గీత పోయింది!" ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అది నన్ను చూసే చెప్పి ఉంటారు.

ఆమె అరవలేదు, ఏడవలేదు. చేతులు కడుక్కొని, దేవుడి పటానికి మొక్కి, పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. మాళాలో ఉన్న పదకొండు ఖోలీలకూ టీ కాచింది. అందరికీ పోసి, ఆఖరున తన స్టీలు గ్లాసు నింపుకొని, గడప మీద కూర్చొని, రెండు చేతులతో పట్టుకొని, కళ్లు మూసుకొని తాగింది. తొమ్మిది నెలల తర్వాత. నా జీవితంలో అంత రుచిగా ఒకరు ఏదైనా తాగడం నేను మళ్లీ చూడలేదు.

అప్పుడే కాక మెట్లెక్కి వచ్చాడు. కాళ్లకు సిమెంటు. అందరూ ఒకేసారి చెప్పేశారు. ఆయన నా మొహం చూశాడు, చిన్నమ్మ చేతిలో గ్లాసు చూశాడు, మళ్లీ నా మొహం చూశాడు. "జర ఇట్ల రా బిడ్డా" అని మెట్ల మలుపు దగ్గరికి తీసుకుపోయాడు.

"గా నెత్తురు నాది కాదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నిన్న స్లాబు ఏసేది ఉండె. చీటీ మీద తారీకు నిన్నటిదే. పోకుంటే పేరు కటాయిస్తరనుకున్న. తమ్మున్ని తోలిచ్చిన. నా పేరు పిలిస్తే హాజిర్ అన్నడు, చెయ్యి సాపిండు."

హాజ్రీ! ఆసుపత్రి చీటీని ఆయన హాజ్రీ పుస్తకం అనుకున్నాడు. మనిషి రాకపోతే పేరు నిలబెట్టడానికి బద్లీని పంపాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండింటికంటే ముందు కోపమొచ్చింది. "కాకా, గాజు ముక్క సంగతి డాక్టరమ్మకు నేర్పింది నువ్వే గదా. పక్కింటి గోడకు గాజు పెడితే నీ గోడ పగులు తెలుస్తదా?" అన్నాను.

తల దించుకున్నాడు. నలభై మందిని అదిలించే మనిషి. కాలికంటిన సిమెంటు గోటితో గీకాడు. తర్వాత అన్నాడు. "స్లాబు ఇంకో మేస్త్రికి గూడ అప్పజెప్పొచ్చు. అప్పజెప్పలే. ఆమె లేదు ఊళ్లె. ఒక్కన్నే పోయి ఆడ కూసోనీకి కాళ్లు రాలే బిడ్డా. గాజు పగిలిందో లేదో చూడాల్నంటే ధైర్యం ఉండాలె. అన్నిసార్లు ఉండది."

పైనుంచి చిన్నమ్మ పిలిచింది. "ఓ మేస్త్రీ! టీ సల్లారుతున్నది!"

కాక నా తల మీద చెయ్యి పెట్టాడు. "ఆమెకు చెప్పకు. తొమ్మిది నెలలైంది టీ తాగక. చేతుల గ్లాసు గుంజుకోవద్దు. నేను పోత, నెత్తురిస్త, నువ్వు చూడు. మనిద్దరికి ఎరుకుంటే సాలు."

నేను సరే అన్నాను. పైకి పోయి, చిన్నమ్మ ఇచ్చిన టీ తాగాను. ఇంకో గ్లాసు పోస్తానంటే అదీ తాగాను.

డాక్టరమ్మకు నిజం చెప్పక తప్పలేదు. నన్నూ కాకనూ కలిపి చీవాట్లు పెట్టింది. మళ్లీ తీసిన నెత్తురులో గీత ఉంది, మునుపటంతే ఉంది. "ఇంట్లో చెప్పావా?" అని కాకను అడిగింది. "చెప్పిన మేడం" అన్నాడు. పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు. మూడు నెలలకోసారి కాక ఇంట్లో ఏదో ఒక పని చెప్పి బయలుదేరేవాడు. తాడు కొనాలనో, తాపీకి పిడి వేయించాలనో. అబద్ధం నిలబడాలి గనక తిరిగి వెళ్లేటప్పుడు నిజంగానే తాడో పిడో పట్టుకుపోయేవాడు. వాళ్ల అటక మీద ఏ పనికీ రాని తాళ్లు ఒక మూట అయ్యాయి. చిన్నమ్మ అది చూసి, "ఓడ కడుతున్నవా?" అని వెక్కిరించేది. ఆయనా నేనూ ఒకరినొకరు చూసుకొని నవ్వుకునేవాళ్లం. ఆ గుట్టులో నేనూ ఒకదాన్నని నాకు లోలోపల గొప్పగా ఉండేది. ఇది రాయడానికి ఇష్టం లేదు, కానీ ఉండేది.

బల్ల మీద ఒక్కడే కూర్చునేవాడు. గోడకు వీపు ఆనించకుండా, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని. నేను తలుపు తీస్తే కాగితం చూసేవాడు కాదు, నా మొహం చూసేవాడు. గట్లనే ఉన్నది కాకా అంటే, "గట్లనే ఉండనియ్" అని లేచేవాడు. ఒకసారి కూర్చొని ఉండగానే, "బిడ్డా, గా గీతకు నెత్తుర్ల వేరే ఏమన్న నిషానీ ఉంటదా, రేపు లేస్తదో మాపు లేస్తదో ముందుగాలే చెప్పేది?" అని అడిగాడు. కొత్తగా ఏవేవో పరీక్షలు వస్తున్నాయట కాకా, మా దగ్గరికి ఇంకా రాలేదు అన్నాను. "గోడల సంగతిల గూడ గంతే. గాజు పగిలినంకనే తెలుస్తది. పగలకముందు చెప్పెటోడు దొరికితే కాళ్లు మొక్కుత" అన్నాడు. నేను ఏదో పరధ్యానంగా ఊఁ కొట్టి లోపలికి వెళ్లిపోయాను. పని ఉంది మరి.

నాలుగేళ్లు నిండిన పరీక్షలో గీత మారింది. పట్టీని కిటికీకి ఎత్తకముందే తెలిసింది. నల్లగా, లావుగా, పక్కవాటిని మింగేసినట్టు. ఒంట్లో నెత్తురు తగ్గింది. నడుం నొప్పి అని రెండు నెలలుగా అంటున్నాడు, బరువులెత్తడం వల్ల అనుకున్నాం. ఈసారి నాలుగింటిదాకా ఆగలేకపోయాను. కాక నాగ్‌పాడాలో ఒక పాత ఇంటికి పూత పోయిస్తున్నాడని తెలిసి, అక్కడికే నడిచి వెళ్లాను.

పరంజా మీద నిలబడి తనే తాపీ పట్టుకొని ఉన్నాడు. కింద నన్ను చూశాడు. మొహం ఎలా పెట్టాలో రోడ్డు పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాను, అయినా దొరికిపోయాను.

"ఆగు బిడ్డా. పూత ఆరిపోతది. ఇది అయినంక చెప్పు" అన్నాడు.

ఆ చారెడు జాగా నునుపు చేశాడు. అద్దంలా చేశాడు. తర్వాత ఒక్కో మెట్టూ పట్టుకొని, ఎప్పుడూ దిగనంత మెల్లగా దిగాడు. తాపీని బకెట్లో కడిగి, తుడిచి, పక్కన పెట్టాడు.

"బరాబర్ చూసినవా? నాదే గదా?"

"నీదే కాకా."

తమ్ముడిది కాదు గదా అన్నట్టు ఒక నవ్వు నవ్వాడు. నాకు మాత్రం ఆపుకోలేనంత ఏడుపొచ్చింది, నడిరోడ్డు మీద, పనివాళ్లందరి ముందు. ఆయనే నా భుజం తట్టాడు. "పా. ఇగ మీ చిన్నమ్మకు చెప్పాలె. నువ్వు గూడ రా."

చిన్నమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. కాక ఎదురుగా పీట వేసుకొని కూర్చొని మొత్తం చెప్పాడు. స్లాబు, తమ్ముడు, బద్లీ నెత్తురు, తాళ్లు, ఇవాళ్టి గీత. ఏదీ దాచలేదు. ఆమె చేతులు ఆగలేదు. రాయి కనబడితే తీసి పక్కన వేస్తూనే ఉంది. ఆయన ఆగిపోయాక తల ఎత్తింది, ఆయన వైపు కాదు, నా వైపు.

"నీకు మొదటి సంది ఎరుకనా బిడ్డా?"

"ఎరుకే చిన్నమ్మా."

"నేను టీ తాగిన దినం గూడ?"

"ఆ దినమే తెలిసింది. నీ సంతోషం చెడగొట్టొద్దని..."

"నా సంతోషమా?" చేట కింద పెట్టింది. "మొదటి మూడుసార్లు నేను ఆయన పక్కన కూసోలేదా? ఏడ్సిన్నా? కింద పడిపోయిన్నా? తలనొస్తే గుడ్డ కట్టుకొని కూసున్న. భయమైతే భయమే. అండ్ల సగం నాది. ఆ సగం నువ్వు తీస్కొని నాలుగేండ్లు నీ దగ్గర పెట్టుకున్నవు. నా జాగల బద్లీ నిలబడ్డవు."

"ఆ పిల్లదేం తప్పు లేదు, నేనే వద్దన్న..." అన్నాడు కాక.

"నీతోని మల్ల మాట్లాడత" అంది. ఆ మాట ఎంత మెత్తగా అందో, నాతో అన్నది అంత గట్టిగా అంది. ఎందుకంటే ఆయన భయపడ్డాడు, ఆమెకు అది తెలుసు. నాకు భయం లేదు. నాకు ఉన్నదల్లా జాలి, అదీ అడక్కుండా ఇచ్చింది. ఆమె సంతోషం కాపాడుతున్నానని అనుకుంటూ, ఆమె భర్తను నాలుగేళ్లు ఒంటరిగా కూర్చోబెట్టాను. ఆ పని తెల్లకోటు చేసింది కాదు, నేను చేశాను.

మాత్రలు మొదలుపెట్టారు. నెల తిరిగాక మళ్లీ పట్టీ. నాలుగింటికి చూస్తే బల్ల మీద ఇద్దరున్నారు. చిన్నమ్మ ఆ నెలంతా నాతో మాట్లాడలేదు, మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకునేది. ఇప్పుడు మళ్లీ నుదురుకు గుడ్డ కట్టుకొని, కొంగు భుజం చుట్టూ లాక్కొని, ఆయన మోకాలికి తన మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. నేను పట్టీ పట్టుకొని తలుపు తీశాను. గీత తగ్గలేదు. కాక నా మొహం చూస్తాడని సిద్ధపడి వచ్చాను. ఆయన చూడలేదు. పక్కకు తిరిగి ఆమె మొహం చూస్తున్నాడు. ఎవరికి చెప్పాలో తెలియక గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఇట్లియ్యి" అంది చిన్నమ్మ, చెయ్యి చాచి.